మీ బరువు లెక్క అమ్మ చేతిలో ఎందుకుంది?

ప్రశ్న: నా వయసు 36. ఎత్తు 157 సెంటీమీటర్లు. ఏడు నెలల క్రితం బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నప్పుడు 118 కిలోలు ఉన్నాను, ఇప్పుడు 97. మొదట్లో గబగబా తగ్గాను కానీ ఆరు వారాలుగా కదలిక లేదు. షుగర్ మాత్రలు ఆపేశారు, మోకాళ్ల నొప్పులు తగ్గాయి, బరువు మాత్రం అక్కడే ఉంది. అదే వారంలో చేయించుకున్న ఒకావిడ 35 కిలోలు తగ్గింది. ఇన్సూరెన్స్ పోగా మిగిలిన డబ్బు మా అమ్మ తన రెండు పేటల గొలుసు తాకట్టు పెట్టి కట్టింది. నెల రోజులుంటానని తెనాలి నుంచి వచ్చి ఇంకా ఇక్కడే ఉంది. నాన్న అక్కడ ఒక్కరే ఉన్నారు. నా తిండి, మందులు అన్నీ అమ్మే చూస్తుంది. థైరాయిడ్, ఐరన్, క్యాల్షియం మాత్రలు మర్చిపోకుండా పొద్దున్నే ఒకేసారి ఇచ్చేస్తుంది. రోజూ మిషన్ ఎక్కించి అంకె క్యాలెండర్ మీద రాస్తుంది. 60కి రావాలంటుంది. తగ్గని రోజు నాతో మాట్లాడదు. అలాంటి రాత్రి అందరూ పడుకున్నాక బిస్కెట్లు తింటున్నాను. మావారిని అడిగితే ‘మీ అమ్మా నువ్వూ చూసుకోండి’ అంటారు. ఈమధ్య మా తొమ్మిదేళ్ల పాప కూడా మిషన్ ఎక్కి ‘నాది కూడా రాయి అమ్మమ్మా’ అంటోంది. పండక్కి వచ్చిన మా అత్తగారు ‘ఇంత ఖర్చు పెట్టి ఏం లాభం’ అన్నారు. ఆపరేషన్ ఫెయిలైనట్టేనా? బరువు తగ్గడానికే పొట్టకూ పేగులకూ చేసే బైపాస్ ఆపరేషన్ కూడా చేయించుకోవాలా? అత్తగారికి ఏం సమాధానం చెప్పాలి?
— ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: మీరు అడిగిన మూడింటికీ ముందు జవాబు చెప్పేస్తాను. ఆపరేషన్ ఫెయిల్ కాలేదు. ఏడో నెలలో, వేరే ఇబ్బందేమీ లేనప్పుడు, రెండో ఆపరేషన్ గురించి ఆలోచించడం తొందరపాటు. ఇక మీ అత్తగారు పండక్కి వచ్చి ఒక మాట అని వెళ్లిపోయారు. ఈసారి అంటే ‘షుగర్ మాత్రలు మానేశానత్తయ్యా’ అని చెప్పండి, చాలు. ఆ మాటను పట్టుకుని నిద్ర పాడుచేసుకోకండి.

ఫెయిల్ కాలేదని ఊరికే ధైర్యం చెప్పడానికి అనడం లేదు. ఎత్తుకు తగ్గ బరువు ఉందా లేదా చూసే కొలతను బీఎంఐ అంటారు. మీ ఎత్తుకు బీఎంఐ 25 అంటే సుమారు 62 కిలోలు. డాక్టర్లు లెక్క కట్టేటప్పుడు ఆ పైన ఉన్నదాన్ని అదనపు బరువు అంటారు. మీకు ఆపరేషన్ నాటికి అది 56 కిలోలు. అందులో 21 పోయింది, అంటే మూడో వంతు కన్నా ఎక్కువే. స్లీవ్ చేయించుకున్నవాళ్లు సాధారణంగా ఏడాది, ఏడాదిన్నరలో అదనపు బరువులో సగం, లేదా అంతకన్నా కొంచెం ఎక్కువ తగ్గుతారు. మీ విషయంలో ఆ లెక్క 85, 90 కిలోల మధ్య ఎక్కడో తేలుతుంది. అంతకన్నా తగ్గేవాళ్లూ ఉన్నారు, తగ్గనివాళ్లూ ఉన్నారు. కాబట్టి మీరు కాస్త నెమ్మదిగా తగ్గుతున్న మాట నిజమే కానీ, దారి తప్పలేదు. మీ అమ్మగారు చెప్పే 60 మాత్రం ఏ డాక్టరూ మీకు మాట ఇచ్చిన అంకె కాదు. ఎవరూ ఇవ్వని మాటను మీరు తప్పారని ఆ ఇంట్లో రోజూ మీకు శిక్ష పడుతోంది.

మధ్యలో బరువు ఆగిపోవడం దాదాపు అందరికీ జరిగేదే. 118 కిలోల శరీరానికి రోజుకు ఎంత శక్తి కావాలో 97 కిలోల శరీరానికి అంత అక్కర్లేదు. మొదటి వారాల్లో పోయేదాంట్లో నీరు కూడా చాలా ఉంటుంది, ఆ వేగం తర్వాత ఉండదు. ఆవిడెవరో 35 తగ్గిందన్నారు. ఆవిడ మొదట ఎంత ఉంది, వయసెంత, థైరాయిడ్ ఉందా, అసలు ఆవిడది స్లీవా, బైపాసా అన్నవి తెలియకుండా ఆవిడ అంకె పక్కన మీ అంకె పెట్టుకుంటే మీకు మిగిలేది టెన్షనే.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో నాకు గుబులు పుట్టించింది 97 కాదు. ‘నాది కూడా రాయి అమ్మమ్మా’ అన్న మీ పాప మాట. మీరు దాన్ని అత్తగారి మాటకు ముందు ఒక్క ముక్కలో రాసేసి వెళ్లిపోయారు. నేను దాటి వెళ్లలేకపోతున్నాను. ఆ ఇంట్లో ప్రేమ దొరకాలంటే ముందు మిషన్ ఎక్కాలని ఆ పిల్లకు అర్థమైపోయింది. అంకె తగ్గిన రోజు అమ్మమ్మ నవ్వుతుంది, తగ్గని రోజు అమ్మతో మాట్లాడదు. తొమ్మిదేళ్ల పిల్లకు ఇంతకన్నా వివరంగా ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా అది ఎదిగే వయసు. ఆడపిల్లలు పెద్దవాళ్లయ్యే ముందు బరువు పెరగడం, కాస్త ఒళ్లు రావడం సహజం. సరిగ్గా అప్పుడు గోడ మీద అంకె పెరుగుతూ కనిపిస్తే ఆ పిల్ల తన ఒంటి గురించి ఏమనుకుంటుంది?

మీ సమస్య పేరు స్లో వెయిట్ లాస్ అని మీరు అనుకుంటున్నారు. నాకు కనిపిస్తున్న సమస్య మీకూ మీ అమ్మగారికీ మధ్య ఉంది.

ఆమె చెడ్డ మనిషి అని నేను అనను. మెడలో గొలుసు తీసి కూతురి ఆరోగ్యానికి ఇచ్చిన తల్లి ఆమె. నెలల తరబడి తన ఇల్లు, తన మనిషిని వదిలేసి వచ్చి మీకు సేవ చేసింది. మన ఇళ్లలో లావుగా ఉన్న ఆడపిల్లను కన్న తల్లిని చుట్టాలంతా ఎన్ని మాటలంటారో నాకు తెలుసు. ‘పిల్లను అదుపులో పెట్టలేదు’ అన్న మాట ఆమె మీ చిన్నప్పటి నుంచి పడి ఉంటుంది. ఆ భయమే ఇవాళ క్యాలెండర్ మీద అంకెలు రాయిస్తోంది. మీరు ఆమెకు రుణపడి ఉన్నారు, సందేహం లేదు. కానీ ఆ రుణం కిలోల్లో తీర్చేది కాదు. తల్లి బిడ్డకు ఇచ్చిన డబ్బుకు రోజూ పొద్దున లెక్క అప్పజెప్పాల్సి వస్తే అది పెట్టుబడి అవుతుంది. పెళ్లై, బిడ్డ తల్లై, 36 ఏళ్లు వచ్చిన మీరు అవమానం పడుతూ మిషన్ ఎక్కడం కృతజ్ఞత అనిపించుకోదు. మర్యాద పోగొట్టుకున్న కూతురు తల్లికి చేయగల సేవ కూడా ఏమీ ఉండదని నా నమ్మకం.

ఈ వ్యవహారం మీ బరువు మీద కూడా పనిచేస్తోంది, గమనించారా? అంకె తగ్గదు, అమ్మ మాట్లాడదు, రాత్రి బిస్కెట్లు, మర్నాడు అంకె మళ్లీ తగ్గదు. స్లీవ్‌లో పొట్ట ముప్పాతిక భాగానికి పైగా తీసేస్తారు, ఆకలి పుట్టించే హార్మోన్ కూడా తగ్గుతుంది. అందుకే పప్పు, గుడ్డు, చికెన్ లాంటివి కొంచెం తినగానే కడుపు నిండిపోతుంది. కానీ బిస్కెట్లు, జంతికలు, చిప్స్ నోట్లో కరిగి జారిపోతాయి. వాటితో కడుపు నిండిన భావం రాదు, ఎన్ని తిన్నారో మీకే తెలియదు. తీపి కలిపిన టీ, పళ్లరసం, పల్చటి జావ కూడా అంతే. మీరు రాత్రి తినేది ఆకలితో కాదు, ఆ పొద్దున జరిగిన అవమానంతో. మిషన్ ఆ ఇంట్లో ఉన్నంత కాలం బిస్కెట్ల డబ్బా దాచేసినా లాభం లేదు.

ఇంకో మాట. మాత్రలన్నీ పొద్దున్నే ఒకేసారి వేసుకుంటున్నానని రాశారు. అది వెంటనే మార్చాలి. ఐరన్, క్యాల్షియం పక్కన ఉంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. థైరాయిడ్ మాత్ర పరగడుపున ఒక్కటే వేసుకుని, ఐరన్ గానీ క్యాల్షియం గానీ కనీసం నాలుగు గంటల తర్వాత తీసుకోవాలి. ఆ రెండిటికీ మధ్య కూడా రెండు గంటలు ఉండాలి. థైరాయిడ్ అదుపులో లేకపోతే బరువు మొరాయిస్తుంది, నీరసం, దిగులు కూడా వస్తాయి. అమ్మగారు ప్రేమతోనే ఒక్క చేతిలో అన్నీ పోసి ఇచ్చారు, నిజమే. కానీ మీ మందుల సంగతి మీరు తెలుసుకోకపోవడం తప్పు. ఉద్యోగం చేసుకునే మనిషైనా, ఇల్లు చూసుకునే మనిషైనా తన మందుల డబ్బా తన దగ్గరే ఉంచుకోవాలి.

ఈ ఆదివారం పాప ఆడుకోవడానికి వెళ్లినప్పుడు అమ్మగారి పక్కన కూర్చోండి. మీవారు కూడా ఇంట్లో ఉండాలి. ‘అమ్మా, నువ్వు లేకపోతే నేను ఈ ఆపరేషన్ చేయించుకునేదాన్ని కాదు. ఇక నుంచి నా బరువు, నా మందులు నేను చూసుకుంటాను. నువ్వు అడగొద్దు. పాపను మిషన్ ఎక్కించొద్దు’ అని చెప్పండి. గొంతు పెంచకండి, పాత విషయాలు తవ్వకండి. ఆమె ఏడుస్తుంది. ‘గొలుసు తాకట్టు పెట్టినందుకు ఇదా నాకు’ అంటుంది. ఆ మాటకు మీరు కరిగిపోయి మర్నాడు మళ్లీ మిషన్ ఎక్కితే ఇంకో ఏడాది ఇంతే. చెయ్యి పట్టుకోండి, ఏడవనివ్వండి, మాట మాత్రం మార్చకండి. ఆ తర్వాత మిషన్ అటక మీద పెట్టేయండి. బరువు డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు చూసుకోవచ్చు. మనసు ఒప్పకపోతే పదిహేను రోజులకోసారి మీరొక్కరే చూసుకోండి, ఎవరికీ చెప్పక్కర్లేదు. క్యాలెండర్ తీసేసి కొత్తది తగిలించండి.

అమ్మగారిని తెనాలి పంపించండి. వెళ్లగొట్టినట్టు కాదు, మీరే వెళ్లి దిగబెట్టి, రెండు రోజులుండి రండి. నాన్నగారు ఒక్కరే ఉన్నారని మీరు ఒక్క ముక్క రాశారు. ఈ వయసులో ఆయన తిండీ నిద్రా ఎలా ఉన్నాయో ఎవరైనా చూశారా? కూతురు ఒడ్డున పడ్డాక భార్య తన ఇంటికి చేరడం ఆయనకూ మంచిది, ఆమెకూ మంచిది. వారానికి రెండుసార్లు ఫోన్ చేయండి. ‘ఎంత తగ్గావు’ అని అడిగితే ‘అది తప్ప ఇంకేమైనా మాట్లాడమ్మా’ అనండి.

పాపతో మీరే మాట్లాడాలి. ‘ఇది అమ్మకు డాక్టర్ చెప్పిన పని, పిల్లలకు అక్కర్లేదు’ అన్నంత వరకు చాలు. ఆ పిల్ల ముందు మీ పొట్ట, మీ చేతులు, మీ ఫొటోల గురించి చీదరించుకోవడం ఉంటే ఇవాళే మానేయండి.

‘మీ అమ్మా నువ్వూ చూసుకోండి’ అనే మీవారికి ఒక పని అప్పజెప్పండి. రాత్రి భోజనాలయ్యాక ముగ్గురూ కలిసి నడవడానికి వెళ్లాలి, ఆయన తోడు రావాలి. భర్త అన్నాక ఆ మాత్రం చేయాలి.

వంటిల్లు మీ చేతికి వచ్చాక ముందు చూడాల్సింది ప్రొటీన్. సాధారణంగా రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా చూసుకోమంటారు, మీకు ఎంతన్నది మీ డైటీషియన్ చెబుతారు. రెండు గుడ్లలో 12 గ్రాముల దాకా ఉంటుంది. చేప, చికెన్, పెసరట్టు, పనీర్, గట్టి పెరుగు ముందు తిని, అన్నం చివర రెండు ముద్దలు తినండి. తినేటప్పుడు నీళ్లు తాగకుండా, తిన్నాక అరగంట ఆగి తాగండి. నడకతో పాటు చేతులకు, కాళ్లకు బరువుల వ్యాయామం కూడా అడిగి నేర్చుకోండి. లేకపోతే కొవ్వుతో పాటు కండా కరిగిపోతుంది. జుట్టు రాలుతోందని భయపడుతుంటే, అది ఈ నెలల్లో చాలామందికి జరిగేదే, పోషణ సరిగా ఉంటే మళ్లీ వస్తుంది.

రాత్రి తినడం గురించి సర్జన్‌కు సిగ్గుపడకుండా చెప్పండి. బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే బేరియాట్రిక్ టీములో సైకాలజిస్ట్ ఉండేది ఇందుకే. అక్కడ లేకపోతే ప్రభుత్వం వారి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. బరువు తగ్గించే ఇంజెక్షన్లు మీకు కావాలా వద్దా అన్నది కూడా సర్జనే తేల్చాలి, చుట్టాలు చెప్పారని మొదలుపెట్టకండి. ఎప్పుడైనా ఆగకుండా వాంతులైతే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. వాంతులతో విటమిన్ బీ1 తగ్గిపోతే నరాలకు ప్రమాదం. ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే ఆపరేషన్ నుంచి కనీసం ఏడాది, ఏడాదిన్నర ఆగాలని గుర్తుంచుకోండి.

గొలుసు మాత్రం మీరిద్దరూ విడిపించండి. నెలకు ఇంత అని పక్కన పెట్టండి, ఎన్ని నెలలు పట్టినా సరే. అమ్మగారికి చెల్లాల్సింది అది.

వచ్చే వారానికి అపాయింట్‌మెంట్ తీసుకోండి. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, ఒంట్లో ఐరన్ నిల్వ కోసం ఫెర్రిటిన్, వాటితో పాటు విటమిన్ బీ12, విటమిన్ డీ పరీక్షలు చేయించమని అడగండి. మీవారిని వెంటబెట్టుకుని వెళ్లండి, అమ్మగారిని వద్దు.