నిమ్మ లేతాకుల మీద వెండి గీతలు: ఏ పురుగు, ఎలా నమోదు చేయాలి?

హన్మకొండలో మీ పెరటి నిమ్మ చిగుళ్ల మీద వంకరటింకర వెండి గీతలున్నాయన్నారు కదా, అది దాదాపుగా నిమ్మ ఆకుతొలుచు పురుగే. శాస్త్రీయ నామం ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా. 1856లో ఇంగ్లండ్ కీటక శాస్త్రవేత్త స్టెయింటన్ దీన్ని వర్ణించింది కలకత్తా నమూనాల నుంచే, అంటే ఇది మన దేశపు పురుగే.

ముందు ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఆ వెండి గీతే పురుగు ఆకు లోపల తొలిచిన సొరంగం; దాని మధ్యలో సన్నటి నల్లటి మలం గీత కనిపించాలి. నాకు ఇదే అన్నిటికంటే నమ్మకమైన గుర్తు. సొరంగం చివర ఆకు అంచు ముడుచుకుని ఉంటే లోపల ప్యూపా (రెక్కల పురుగుగా మారే ముందు దశ) ఉన్నట్టు. ఆ ఆకును కొద్దిగా తడిపిన టిష్యూతో సీసాలో పెట్టి మూతికి పల్చటి గుడ్డ కట్టండి. వారం పది రోజుల్లో రెక్కల పురుగు రావచ్చు. విప్పిన రెక్కలు అర సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటాయి. తెల్లగా మెరుస్తూ, ముందు రెక్క కొసన ఒక్కో నల్ల చుక్క ఉంటుంది. ఎంత అందంగా ఉంటుందో!

ఐనాచురలిస్ట్‌లో (మనం చూసిన జీవుల్ని ఫొటోలతో నమోదు చేసే వెబ్‌సైటు) పెట్టేటప్పుడు సొరంగం ఫొటో, పురుగు ఫొటో, తేదీ, ఊరు ఇవ్వండి. చెట్టు పేరు మాత్రం మర్చిపోవద్దు. ఆకు తొలిచే పురుగుల్లో సగం గుర్తింపు చెట్టుతోనే తేలుతుంది.

పెద్ద చెట్టయితే మందు కొట్టాలని టెన్షన్ వద్దు, తట్టుకుంటుంది.