ఫస్టియర్‌లో 35 మార్కులు: దాచాలా, చెప్పేయాలా?

"మేడం, మాది ములుగు జిల్లాలో చిన్న ఊరు. కరోనాలో టెన్త్ పరీక్షలు మధ్యలో ఆగిపోయి, మిగతావి రాయకుండానే పాసయ్యాను. ఇంటర్ ఫస్టియర్‌లో పాఠాలు సరిగా వినలేదు. ఇంట్లో ఉన్నది ఒకే ఫోన్, పగలు నాన్న దగ్గర, రాత్రి తమ్ముడి దగ్గర ఉండేది. ఫిజిక్స్, కెమిస్ట్రీలో ఫెయిలైతే ప్రభుత్వం ఇచ్చిన 35తో గట్టెక్కాను. 2025లో బీఎస్సీ బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) 62 శాతంతో అయిపోయింది. ఒక ఇంటర్వ్యూలో 'కరోనా బ్యాచా' అని నవ్వారు. కంప్యూటర్ కూడా పెద్దగా రాదు. బీఈడీ చేయాలా, బ్యాంకు పరీక్షలు రాయాలా, 60 వేలు కట్టి ఆన్‌లైన్ కోర్సులో చేరాలా?"

ముందు ఆ 35 సంగతి తేల్చేద్దాం తల్లీ, నీ టెన్షన్ అంతా అక్కడే ఉన్నట్టుంది. మీ బ్యాచ్‌కి కాలేజీలు 2021 ఫిబ్రవరి 1న తెరిచి మార్చి 24న మళ్ళీ మూసేశారు. మిగతాదంతా ఆన్‌లైన్, లేదంటే దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళలో టీవీ పాఠాలు. సెకండియర్‌కి ప్రమోట్ చేశాక అక్టోబరు 25 నుంచి ఫస్టియర్ పరీక్షలు పెడితే పాసైంది 49 శాతమే. గొడవైంది, డిసెంబరులో ఫెయిలైన వాళ్ళందరికీ 35 ఇచ్చి పాస్ చేశారు. అంటే రాష్ట్రంలో సగం మంది నీతోపాటే తప్పారు, ఇందులో నువ్వొక్కదానివే సిగ్గుపడాల్సిందేముంది? కరోనాకి ముందు, 2017-18లో చేసిన జాతీయ నమూనా సర్వేలోనే పల్లెల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న ఇళ్ళు 15 శాతం, కంప్యూటర్ ఉన్నవి 4 శాతం అని తేలింది. అది తెలిసీ పాఠాలన్నీ తెర మీదికి ఎక్కించాక ఎవరు మిగిలిపోతారో వేరే చెప్పాలా.

ఆ మార్కులు అడ్డం పడేది కొన్ని ప్రైవేటు కంపెనీల్లో. టెన్త్, ఇంటర్, డిగ్రీ మూడింటిలోనూ 60 శాతం ఉండాలంటారు, అలాంటి చోట వాదించి లాభం లేదు, వదిలెయ్. నువ్వడిగిన రెండు దారుల్లోనూ ఇంటర్ మార్కులు ఎవరూ లెక్కపెట్టరు. బీఈడీకి డిగ్రీలో 50 శాతం ఉండాలి, రిజర్వేషన్ ఉంటే 40, నీకు 62 ఉంది. బ్యాంకు క్లర్క్‌కి డిగ్రీ పాసైతే చాలు.

నన్నడిగితే నీ అసలు లోటు కంప్యూటరే. మీ బ్యాచ్ పిల్లలు ఫోన్‌లో వేలితో ఎంత వేగంగా టైప్ చేస్తారో, కీబోర్డు ముందు కూర్చోబెడితే అంత తడబడతారు. షిఫ్ట్ ఎందుకో తెలియదు, ఫైలు ఎక్కడ సేవ్ అయిందో దొరకదు. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ కంప్యూటర్ మీదే రాయాలి, అందులో 150కి 20 మార్కులు కంప్యూటర్ పరిజ్ఞానానికే. ఇంకో 60 మార్కులు టెన్త్ స్థాయి లెక్కలు, సైన్సు, సోషల్. పరీక్ష రాయకుండా దాటేసిన టెన్త్ ఇప్పుడు ఎదురొస్తుందన్నమాట, కాబట్టి ఆ పుస్తకాలు బయటికి తియ్. అందరూ డిగ్రీ పుస్తకాలు తిరగేస్తారు, అది దండగ.

నీకో పరీక్ష పెడతాను. ఈసారి బ్యాంకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ నోటిఫికేషన్ పడగానే ఇంటర్నెట్ సెంటర్ అతనికి డబ్బులిచ్చి నింపించుకోకుండా దరఖాస్తు నువ్వే నింపు. ఫోటో 20 నుంచి 50 కేబీ లోపు, సంతకం 10 నుంచి 20 కేబీ లోపు ఉండాలి, తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో ఇంగ్లిష్‌లో డిక్లరేషన్ నీ చేత్తో రాసి స్కాన్ చేయాలి, అదీ అన్నీ క్యాపిటల్ అక్షరాల్లో రాస్తే కుదరదు. ఇదంతా నీ చేత్తో అయ్యిందంటే ఒక నెల కోర్సులో నేర్పేది నీకు వచ్చేసినట్టే.

ప్రాక్టీసుకి నువ్వు లాప్‌టాప్ కొనక్కర్లేదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చదివి ఉంటే అక్కడ ఉద్యోగ నైపుణ్యాలు నేర్పే కేంద్రం, అదే టీఎస్‌కేసీ, సార్‌ని కలువు, పాత విద్యార్థినని చెప్పి ల్యాబ్‌లో రోజూ గంట కూర్చోనివ్వమని అడుగు. అడిగితే ఒప్పుకునేవాళ్ళే ఎక్కువ, మనవాళ్ళు మొహమాటానికి అడగరు. ఇంట్లో ఒప్పుకుంటే పల్లెల్లోని యువత కోసం పెట్టిన డీడీయూ-జీకేవై పథకం కింద హాస్టల్‌లో ఉంచి ఉచితంగా శిక్షణ ఇచ్చే కోర్సుల గురించి మీ మండలంలో ఐకేపీ వాళ్ళని అడుగు.

60 వేల కోర్సు మాత్రం వద్దు. ఫోన్ చేసి "మేడం, ఈరోజే ఆఖరు, ఈఎంఐ ఉంది" అని తొందరపెట్టే వాళ్ళ ఈఎంఐ చాలాసార్లు మీ నాన్న పేరు మీద తీసుకునే అప్పు. ఉద్యోగం గ్యారంటీ అన్నారా, కాగితం మీద రాసివ్వమను, అక్కడే తెలిసిపోతుంది.

బీఈడీనా, బ్యాంకా అంటే నా ఓటు బీఈడీకే. బయాలజీ నువ్వు మూడేళ్ళు చదివిందే, రీజనింగ్, అర్థమెటిక్ కొత్తగా మొదలుపెట్టాలంటే ఏడాది పడుతుంది. కానీ బీఈడీ రెండేళ్ళు, ఆ పైన టీచర్ అర్హత పరీక్ష టెట్, ప్రభుత్వ టీచర్ ఉద్యోగానికి డీఎస్సీ. 2024లో 11,062 పోస్టులతో డీఎస్సీ వేశారు, తర్వాతిది ఎప్పుడో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ ఖాళీలో ప్రైవేటు స్కూల్లో చెప్పాల్సి రావచ్చు, జీతం తక్కువే, ముందే మనసులో పెట్టుకో.

ఇంటర్వ్యూలో మళ్ళీ ఆ మాట వస్తే దాచకు, కథ కూడా చెప్పకు. "ఫస్టియర్‌లో రెండు సబ్జెక్టుల్లో అందరికీ ఇచ్చిన పాస్ మార్కులే వచ్చాయండి, తర్వాత డిగ్రీలో కెమిస్ట్రీ రాసి పాసయ్యాను, మెమో ఇదిగో" అను, మెమో ముందు పెట్టు, తర్వాతి ప్రశ్న కోసం ఆగు.