అమ్మోనియా సెన్సర్‌కి పాలీఅనిలిన్ నానోఫైబర్లు: విశాఖలో తేమతోనే అసలు పని

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి అమ్మోనియా సెన్సర్ చేయాలి, ఎలక్ట్రోస్పిన్నింగ్ మెషీన్ (విద్యుత్‌తో పాలిమర్‌ని సన్నని పోగులుగా లాగేది) లేదు, లోహపు నానోఫైబర్లు (నానోమీటర్ల మందం పోగులు) మేలా, పాలిమర్‌వి మేలా అని అడిగారు. నేను విశాఖలోనే పాలీఅనిలిన్ అనే, విద్యుత్ ప్రవహించే పాలిమర్ మీద పరిశోధన చేశాను. అమ్మోనియాకైతే అదే తీసుకోండి. మెషీన్ అక్కర్లేదు.

ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముడిపదార్థమైన అనిలిన్ విడిగా, దాన్ని పాలిమర్‌గా మార్చే అమ్మోనియం పెర్‌సల్ఫేట్ విడిగా కరిగించండి. మోల్స్ లెక్కన పెర్‌సల్ఫేట్ ఒకటికి అనిలిన్ నాలుగు. రెండూ ఒక్కసారే కలిపేసి, గట్టిగా కుదిపి, ఇక కదపకుండా వదిలేయండి. చుక్కచుక్కగా పోస్తే అప్పటికే పుట్టిన పోగుల మీద కొత్త పాలిమర్ పేరుకుని గడ్డలు కడుతుంది. ఒకేసారి కలిపితే పెర్‌సల్ఫేట్ పోగులు పుట్టేటప్పుడే ఖర్చయిపోతుంది, పేరుకోవడానికి మిగలదు. ఈ ఆమ్లంతో మందం సుమారు 30–50 నానోమీటర్లు వస్తుంది. అనిలిన్ చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోయే విషం. గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ లేకుండా సీసా మూత తీయొద్దు.

పోగుల్ని బాగా కడిగి, ఎలక్ట్రోడ్ల మీద చుక్క వేసి ఆరనిస్తే సెన్సర్ తయారైనట్టే. అమ్మోనియా తగలగానే అది పాలిమర్‌లోని ప్రోటాన్లను లాక్కుంటుంది. ఆకుపచ్చ నీలంలోకి తిరుగుతుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది. పోగు సన్నగా ఉంటుంది కాబట్టి వాయువు లోపలిదాకా త్వరగా చేరుతుంది.

ఇక మన ఊరి గాలి సంగతి. తేమ పెరిగితే ఈ ఆకుపచ్చ పాలిమర్ రెసిస్టెన్స్ సాధారణంగా తగ్గుతుంది, అంటే అమ్మోనియా చేసే పనికి ఎదురు. ల్యాబులో ఏసీ ఆగితే చాలు, వాయువు పంపకుండానే రీడింగ్ జారిపోయేది. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. మూసిన డబ్బాలో సంతృప్త లవణ ద్రావణాలు పెట్టి తేమని కట్టడి చేయండి: 25 డిగ్రీల దగ్గర మెగ్నీషియం క్లోరైడ్ సుమారు 33 శాతం, మామూలు ఉప్పు సుమారు 75 శాతం సాపేక్ష తేమ ఇస్తాయి. ఒక్కోదాని దగ్గర ముందు వట్టి గాలితో, తర్వాత అమ్మోనియాతో కొలవండి. ఫిషింగ్ హార్బర్ దగ్గర, అమ్మోనియాతో చల్లబరిచే ఐస్ ప్లాంటు లాంటి తడి చోట మీ సెన్సర్ నిలబడుతుందా అన్నది ఈ కొలతలే చెబుతాయి.

లోహం కావాలంటే హైడ్రోజన్‌కి పెల్లేడియం బాగుంటుంది. సన్నని రంధ్రాల పాలీకార్బొనేట్ పొరలో విద్యుత్‌తో లోహాన్ని నింపి, తర్వాత పొరని కరిగించేస్తారు.

2020 మే 7న వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైన తర్వాత ఇక్కడ అందరూ దాని గురించీ అడుగుతారు. అది అమ్మోనియాలా ప్రోటాన్లను లాక్కోదు కాబట్టి, ఈ సెన్సర్ నుంచి అంత బలమైన స్పందన ఆశించకండి.