పోస్టర్లు, ర్యాలీలు అయిపోయాక ఎకో క్లబ్ పిల్లలతో ఏం చేయించాలి?

మాస్టారూ, మీరు అడిగింది ఇది: కోనసీమ పల్లెలో హైస్కూలు, ఎకో క్లబ్ ఈ ఏడాదే మీ చేతికొచ్చింది, ఏడు నుంచి తొమ్మిదో తరగతి దాకా 40 మంది పిల్లలు. డ్రాయింగు పోటీ పెట్టారు, ర్యాలీ తీశారు, జూన్ 5న మొక్కలు నాటారు. అయినా పిల్లల్లో చలనం లేదు. దగ్గర్లో అడవి లేదు, చేతిలో డబ్బూ లేదు.

అడవి లేకపోవడం పెద్ద లోటేమీ కాదండి. డెల్టా పిల్లాడికి పులి టీవీలోనే కనిపిస్తుంది. దాన్ని కాపాడమంటే వాడు చేయగలిగింది బొమ్మ గీయడమే. అదే వాడు రోజూ సైకిలు మీద పోయే కాలవ గట్టున గిజిగాడి గూళ్లు నిరుడు ముప్పై ఉంటే ఈ ఏడు పందొమ్మిదే ఉన్నాయని తన చేత్తో తనే రాసుకున్నాడనుకోండి, మిగతా పదకొండూ ఏమయ్యాయని వాడే మిమ్మల్ని అడుగుతాడు. ఆ అడగడం మొదలయ్యేదాకా మీరు ఉపన్యాసం ఇవ్వకుండా ఉండగలగాలి, కష్టమల్లా అక్కడే. అందుకు ఒకే చోటికి, ఒకే వేళకి, మళ్లీ మళ్లీ తీసుకెళ్లి లెక్కపెట్టించాలి. వారానికో కొత్త చోటు తిప్పితే అది వనభోజనమే అవుతుంది.

బడి నుంచి పది నిమిషాల నడకలో ఉన్న పంటకాలవ గట్టు చూసుకోండి. ఒక పక్క వరి, ఒక పక్క నీళ్లు, మధ్యలో నాలుగు తాడిచెట్లు ఉంటే అంతకన్నా ఏం కావాలి. అర కిలోమీటరు చాలు. గట్టు వెంట ఉన్న కరెంటు స్తంభాలకి మ్యాపు మీద వరస నంబర్లు వేసుకుంటే ‘మూడుకీ నాలుగుకీ మధ్య’ అని చోటు రాయడం తేలిక. వేళ ఉదయం ఆరున్నర నుంచి ఏడు. ఎనిమిది దాటితే ఎండెక్కి పిట్టలు సద్దుమణుగుతాయి. నలభై మందినీ ఒకేసారి తీసుకెళ్తే పిట్టలు వాళ్ల గోలకే లేచిపోతాయి కాబట్టి పదేసి మందిని నాలుగు జట్లు చేసి, శనివారానికో జట్టుని పంపండి. జట్టులో ఒకరు రాయాలి, ఒకరు గడియారం చూడాలి, ఇద్దరు లెక్కపెట్టాలి, మిగతావాళ్లు కొత్తది కనిపిస్తే చెప్పాలి. వచ్చేసారి ఈ పనులు మారాలి. లేకపోతే చేతిరాత బాగున్న ఆడపిల్ల ఏడాదంతా రాస్తూనే ఉంటుంది, ఒక్క పిట్టనీ చూడదు.

పెన్ను వద్దు, పెన్సిలే. మంచుకీ తుంపరకీ సిరా కారిపోతుంది. పుస్తకంలో తేదీ, వేళ, మబ్బు, పక్షి పేరు, సంఖ్య కాక మరో రెండు గళ్లు తప్పకుండా ఉండాలి: కాలవలో నీరెంత, చేలో ఏం పని జరుగుతోంది. ఈ రెండో గడే ప్రాణం. ఒక వారం కొంగలు నాలుగు, మరుసటి వారం అరవై అని ఉంటే, ఆ అరవై పక్కన ‘దమ్ము’ అని కనిపించగానే పిల్లలకి విషయం తడుతుంది. ట్రాక్టరు బురదని తిరగేస్తుంటే పురుగులూ కప్పలూ పైకొస్తాయి, వాటి కోసం కొంగలు దిగుతాయి. సార్వాలో (వానాకాలం పంటలో) చూసింది దాళ్వాలో (రెండో పంటలో) మళ్లీ కనిపిస్తుందా అన్నది వాళ్లే చూసుకుంటారు. ఇంకో సంగతి, పక్షి కనిపించకపోతే సున్నా వేయాలి, గడి ఖాళీగా వదలకూడదు. ఖాళీ గడి ఉంటే, చూసి కనపడలేదో, అసలు చూడనేలేదో ఆర్నెల్ల తర్వాత ఎవరికీ తెలియదు.

మొదటి నెల పది పక్షులే చాలు. తెల్లవన్నీ ‘కొంగ’ అని రాసేయడం అందరూ చేసే పొరపాటు. ముక్కు నల్లగా, కాలి వేళ్లు పసుపుగా ఉంటే చిన్న తెల్లకొంగ. ముక్కు పసుపుగా, మెడ పొట్టిగా ఉండి గేదెల వెంట తిరిగేది వేరు. కూర్చున్నప్పుడు మట్టిరంగులో కలిసిపోయి, ఎగరగానే తెల్లటి రెక్కలు విప్పేది గుడ్డికొంగ. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపించేది నత్తగుల్ల కొంగ. వీటికి తోడు నీటికాకి, లకుముకి, పాలపిట్ట, ఏట్రింత, గిజిగాడు, గోరింక. పెద్ద గుంపు లేచినప్పుడు ఒక్కొక్కటీ లెక్కపెట్టబోతే తప్పుతుంది. ముందు పదింటిని లెక్కపెట్టి, అవి ఎంత మేర ఉన్నాయో కంటితో కొలుచుకుని, అలాంటి ముక్కలు ఎన్నున్నాయో చూడాలి. దుర్భిణి కొనగలిగితే ఎనిమిదింతలు పెంచి చూపే 8×42 రకం ఒకటి చాలు. పదింతలు పెంచి చూపేది పిల్లల చేతిలో వణికి బొమ్మ నిలవదు.

ఇక గిజిగాడు. డెల్టా బడికి ఇంతకన్నా మంచి పాఠం లేదని నా అభిప్రాయం. వానలు మొదలయ్యాక మగపక్షికి నెత్తీ రొమ్మూ పసుపెక్కుతాయి. వరి ఆకునీ తాటాకునీ సన్నటి పీలికలుగా చీల్చి, నీళ్ల మీదికి వంగిన తాటికమ్మలకి, ఈతచెట్లకి, తుమ్మకొమ్మలకి గూడు అల్లుతుంది. సగం అల్లాక టోపీ ఆకారం వచ్చేసరికి ఆగి, ఆడపక్షిని పిలుస్తుంది. ఆడది లోపలికొచ్చి చూసి నచ్చితేనే మగది గొట్టం అల్లి గూడు పూర్తి చేస్తుంది. చెట్టుకి టోపీల్లా వేలాడుతూ మిగిలిపోయినవి చాలావరకు ఆడది కాదన్న గూళ్లే. ఈ మాట చెప్పగానే తొమ్మిదో తరగతి మగపిల్లలు పడే నవ్వు ఆగేదాకా కాస్త ఓపిక పట్టండి. తర్వాత పుస్తకంలో మూడు గళ్లు గీయించండి: మొదలు, టోపీ, గొట్టం ఉన్న గూడు. ప్రతి చెట్టుకీ విడిగా, ప్రతి వారం. మొత్తం సంఖ్య ఒక్కటే రాస్తే ఆ కథ కనిపించదు.

లెక్క అవతలి గట్టు నుంచే, చెట్టు కిందికి వెళ్లకూడదు. రాయి విసరడం, కొమ్మ వంచడం మొదలైతే ఆ రోజుకి నడక ఆపేసి వెనక్కి తీసుకొచ్చేయండి, ఒక్కసారి చేస్తే చాలు. కోతలయ్యాక కింద రాలిన గూడు దొరికితే బడికి తేవచ్చు. అయితే ముందు కర్రతో తట్టి చూడాలి, పాత గూళ్లలో ఎలుకలు కాపురం పెడతాయి. తూకం వేసి, మెల్లగా విప్పి పీలికలు లెక్కపెట్టిస్తే ఒక పీరియడ్ ఎలా గడిచిందో తెలియదు. లోపల గోడకి అంటించిన మట్టి ముద్దలు కూడా చూపించండి. అవెందుకని అడిగితే చప్పున జవాబు చెప్పేయకండి, పిల్లలు అనుకునేవన్నీ బోర్డు మీద రాయించండి.

రైతుల పిల్లలకి పట్టే పని మరొకటి ఉంది. ఒకరి చేలో, వాళ్ల నాన్న ఒప్పుకుంటేనే, వరి కంటే మూరెడు రెండు మూరలు ఎత్తుండేలా వెదురు కర్రకి అడ్డకర్ర కట్టి పాతించండి. పరిశీలనకి ఎకరాకి నాలుగైదు చాలు. రెండు పాయల తోక ఉన్న నల్ల ఏట్రింత, కొన్నిచోట్ల పసులపోలిగాడంటారు, వాటి మీద వాలి పురుగుల్ని పడుతుంది. పది నిమిషాల్లో ఎన్నిసార్లు కిందికి దూకిందో గీతలు పెట్టించండి. గింజ పాలు పోసుకునే దశకి వచ్చేసరికి ఆ కర్రలు పీకేయాలి, లేదంటే గింజ తినే పిట్టలకి అవే అరుగులవుతాయి. ఇది మరిచిపోతే మరుసటి ఏడాది ఏ రైతూ తన చేలోకి రానివ్వడు.

రాత్రి అవే కర్రల మీద గుడ్లగూబ వాలుతుంది. ఇంటి మీద వాలితే అరిష్టమని అమ్మమ్మలు అంటారు. వాదన పెట్టుకోకండి, ఉండలు చూపించండి. పాత గుడి గోపురం కిందో, పాడుబడ్డ గోదాము కిందో బొటనవేలంత నల్లటి ఉండలు పడి ఉంటాయి. అవి రెట్ట కాదు, అరగని ఎముకలూ బొచ్చూ కక్కినవి. ఏరేటప్పుడు చేతి తొడుగులూ మాస్కూ తప్పనిసరి. పాత గుడ్డలో మూటకట్టి, వంటకి వాడని గిన్నెలో ఆరుబయట పొయ్యి మీద అరగంట మరిగించాలి. చల్లారాక పుల్లతో, చిమటాతో విడదీస్తే పుర్రెలూ దవడలూ బయటపడతాయి. ముందుపళ్లు పసుపు నారింజ రంగులో ఉంటే ఎలుక. పుర్రెలు లెక్కపెట్టాలి, విడి దవడలు లెక్కపెడితే సంఖ్య రెట్టింపవుతుంది. ఒక ఉండలో రెండు మూడు ఎలుకలు తేలాక, పొలంలో బ్రోమడియోలోన్ అనే ఎలుకల మందు కలిపిన ఎర తిన్న ఎలుకని గుడ్లగూబ తింటే ఏమవుతుందన్న ప్రశ్న వాళ్లకే వస్తుంది. ఆ మందు రక్తం గడ్డకట్టనివ్వదు, ఎలుక వెంటనే చావదు, మందగించి తిరుగుతుంది, అలాంటిదే గుడ్లగూబకి సులువుగా దొరుకుతుంది. చివర్లో అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు పక్షుల లెక్క మందగిస్తుంది. అప్పుడు ఇంటి పని ఇవ్వండి. 1996 నవంబరు 6 తుపాను రాత్రి గురించి తాతల్నీ నానమ్మల్నీ అడిగి రాసుకు రమ్మనండి: నీళ్లు ఎంతదాకా వచ్చాయి, ఏ చెట్లు నిలబడ్డాయి, కొబ్బరితోట మళ్లీ కాపుకి ఎన్నేళ్లు పట్టింది. కాకినాడ దగ్గరి కోరంగి రేవుని 1839లో ముంచిన ఉప్పెన గురించి మీరు చెప్పండి. సముద్రపు అంచున ఉప్పునీటి బురదలో పెరిగే మడ అడవి ఎందుకన్న పాఠం అక్కణ్నుంచి మొదలుపెడితే పిల్లలు వింటారు. పులసనీ వదలకండి. సముద్రంలో ఇలసగా ఉన్న చేప వరద నీటికి ఎదురీది గోదావరిలోకొచ్చి పులస అవుతుంది, గుడ్లు పెట్టడానికి వస్తుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డం. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే ఊళ్లో, గుడ్లతో వచ్చే చేపనే పట్టేస్తే వచ్చే ఏటికి ఏం మిగులుతుందని అడిగితే పెద్దలే తలో మాట అంటారు.

ఏడాదికి ఒక్క ప్రయాణం పెట్టగలిగితే కోరంగికే. 1978లో అభయారణ్యమైంది, విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగిపేట దగ్గర మడ మధ్యన నడిచేందుకు చెక్క వంతెన ఉంది. తేదీ సెలవుని బట్టి కాదు, పోటుపాట్లని బట్టి పెట్టుకోండి. పాటు వేళ బురద తేలితేనే పీతలూ, ఊపిరి వేళ్లూ, బురద మీద గెంతే చేపలూ కనిపిస్తాయి. పోటు మీద వెళ్తే అంతా నీళ్లే. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, అమావాస్యకీ పున్నమికీ పోటుపాట్ల తేడా ఎక్కువ. మీ క్లాసులో వేటకెళ్లే ఇంటి పిల్లాడుంటే వేళ వాడినే చెప్పమనండి. చదువులో వెనకబడ్డవాడే ఆ రోజు మాస్టారవుతాడు. గైడు మడచెట్టు చూపించాక, ఆకు తెంపకుండా పైన వేలితో తుడిచి నాలుకకి తగిలించుకుంటే ఉప్పు తెలుస్తుంది. తిల్ల చెట్టు మాత్రం దూరం నుంచే, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. బావురుపిల్లినీ నీటికుక్కనీ చూపిస్తామని ముందే ఆశ పెట్టకండి. బావురుపిల్లి రాత్రి తిరిగేది, పగలు దాని అడుగులు కనిపించినా గొప్పే.

సముద్రం పక్క ఊళ్లవాళ్లయితే జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. ఒక్కోటి వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది, 45 నుంచి 60 రోజులకి పిల్లలవుతాయి. అటవీ సిబ్బంది వెంట ఉంటేనే వెళ్లాలి, ఫోను ఫ్లాషు వద్దు, పిల్ల తాబేలుని చేత్తో తీసుకెళ్లి నీళ్లలో వదలకూడదు.

మొక్కల మాట. జూన్ 5న నాటినవి ఎండకీ మేకలకీ పోయుంటాయి. నాటడం జూలైలో, నేల బాగా తడిశాక. ఒకటిన్నర అడుగు గొయ్యి, చుట్టూ ముళ్లకంప. నేరేడు, కానుగ, మేడి డెల్టా నేలకి నప్పుతాయి, పిట్టలకీ పనికొస్తాయి. త్వరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ పెట్టకండి. మొక్కని ఏడో తరగతి వాళ్లకే అప్పగించండి, వాళ్లు ఇంకా మూడేళ్లుంటారు.

రొయ్యల చెరువుల సంగతి జాగ్రత్త. చెరువు మీద కట్టిన వలలో పక్షి చిక్కిందని పిల్లలు రాస్తారు, ఆ చెరువు క్లాసులో ఒకడి నాన్నదే అవుతుంది. పుస్తకంలో చోటు రాయించండి కానీ పేరు వద్దు, క్లాసులో ఎవరి ఇంటినీ తప్పుపట్టొద్దు. వల బిగుతుగా కడితే పక్షి చిక్కే అవకాశం తక్కువని ఆ పిల్లాడే ఇంట్లో చెప్పే రోజు వస్తే రావచ్చు, మీరు తొందరపెడితే మాత్రం రేపటి నుంచి వాణ్ని పంపరు.

పాముల భయంతోనూ ఇంట్లో ఆపుతారు. అందరికీ బూట్లు ఉండాలి, గడ్డిలోకి దిగకూడదు, గట్టు మధ్యలోనే నడవాలి. తాచు, కట్లపాము, రక్తపింజరల బొమ్మలు ముందే చూపించండి. కాటు పడితే కట్టు కట్టొద్దు, కోయొద్దు, కదలనివ్వకుండా 108లో విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి. ఆ ఆసుపత్రి ఏదో మొదటి నడకకి ముందే కనుక్కుని పుస్తకం అట్ట లోపల రాసిపెట్టండి.

లెక్కలు నాలుగు నెలలు నిలబడ్డాక, పక్షుల లెక్కలు నమోదుచేసే ఈ-బర్డ్ వెబ్‌సైటులో మీ పేరుతో ఎక్కించండి, పిల్లల పేర్లూ ఫొటోలూ వద్దు. ఫిబ్రవరి మధ్యలో ప్రపంచమంతా కలిసి పక్షుల్ని లెక్కపెట్టే నాలుగు రోజుల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌కి 15 నిమిషాల లెక్క చాలు, అప్పటికి మీ వాళ్లకి అది బాగా అలవాటైపోయి ఉంటుంది. పుస్తకానికి ప్లాస్టిక్ అట్ట వేసి, ప్రతి నెలా ఒక జిరాక్సు తీయించి బీరువాలో పెట్టండి. పదో తరగతిలోకి వెళ్లే జట్టు ఆ పుస్తకాన్ని ఏడో తరగతి వాళ్ల చేతికిచ్చి, ఒక శనివారం వాళ్లతోపాటు గట్టు నడిచి, ఏ స్తంభం ఎక్కడో చూపించి వెళ్లాలి.