ఐఆర్ఎస్ ఉత్తరం వచ్చిందని వెంటనే డబ్బు కట్టేయకండి

సంక్రాంతికి అమలాపురం దగ్గర మా ఊరెళ్లాం. కనుమ రోజు అందరూ భోజనాల దగ్గర ఉంటే మా మేనల్లుడు మాత్రం ఫోను చూసుకుంటూ అరుగు మీదే కూర్చుండిపోయాడు. వాడు అమెరికా వెళ్లి మూడేళ్లవుతోంది. అక్కడి రూమ్మేట్ ఒక ఉత్తరం ఫొటో పంపాడట. ఐఆర్ఎస్, అంటే అమెరికా పన్నుల శాఖ, పంపిన సీపీ2000 నోటీసు. 4,570 డాలర్ల పన్ను, పైన వడ్డీ. "మావయ్యా, వీసాకేమైనా ఇబ్బందా? ఈ రాత్రే కార్డు మీద కట్టేస్తాను" అన్నాడు.

నేను వెళ్లిన కొత్తలో అడగడానికి ఎవరూ లేక ఇలాగే టెన్షన్‌తో మొత్తం కట్టేశాను. అందుకే గట్టిగా చెబుతున్నాను, ముందు ఉత్తరం మొత్తం చదవండి.

మన ఊళ్లో పాస్ పుస్తకంలో ఒక విస్తీర్ణం, అడంగల్‌లో ఇంకో విస్తీర్ణం ఉంటే దస్తావేజులు పట్టుకుని ఎమ్మార్వో ఆఫీసుకెళ్తాం కదా, ఇదీ అంతే. కంపెనీ, బ్యాంకు, బ్రోకరు మీ పేరు మీద పంపిన డబ్ల్యూ-2 (జీతం లెక్క), 1099 (వడ్డీ, షేర్ల అమ్మకం లాంటి వాటి లెక్క) కాగితాలకూ మీ రిటర్నుకూ పొంతన కుదరలేదని ఐఆర్ఎస్ అడుగుతోంది. అది ఇంకా ప్రతిపాదనే, బిల్లు కాదు.

నోటీసులో రెండు లెక్కలూ పక్కపక్కనే ఉంటాయి. మావాడివి ఒక్కో వరుసా చూశాం. సేవింగ్స్ ఖాతా వడ్డీ 640 డాలర్లు నిజంగానే మర్చిపోయాడు. రెండోది జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చిన ఆర్ఎస్‌యూ షేర్ల అమ్మకం, 18,400. వాటి విలువ జీతంలో కలిసి డబ్ల్యూ-2లో ముందే వచ్చేసింది కాబట్టి మళ్లీ చూపక్కర్లేదనుకున్నాడు. అక్కడే చిక్కు. బ్రోకరు కాగితంలో కొన్న ధర లేదు, దాంతో ఐఆర్ఎస్ 18,400 మొత్తాన్నీ లాభంగా లెక్కేసింది. షేర్లు చేతికొచ్చిన రోజు విలువ 18,150. అంటే అసలు లాభం 250. మర్చిపోయిన ఆ 640 వడ్డీతో కలిపినా వాడు కట్టాల్సిన పన్ను 214 డాలర్లు, ఆపైన ఆలస్యానికి ఐఆర్ఎస్ వేసే కాస్త వడ్డీ.

జవాబు ఫారంలో 'ఒప్పుకోను' అన్న చోట టిక్కు పెట్టించాను. వడ్డీ ఒప్పుకుంటున్నానని, షేర్ల లెక్క ఇదని ఒక పేజీ రాయించి, షేర్ల అమ్మకాలు చూపే ఫారం 8949, డబ్ల్యూ-2, షేర్ల అసలు ధర ఉన్న బ్రోకరు సప్లిమెంటు జతచేయించాను. అమలాపురంలో జిరాక్స్ షాపుకెళ్లి సంతకం చేసినవన్నీ స్కాన్ చేయించి, ఐఆర్ఎస్ వెబ్‌సైటులో అప్‌లోడ్ చేశాడు. పోస్టులో పంపేవాళ్లు సర్టిఫైడ్ మెయిల్‌లోనే పంపండి, రసీదు దాచుకోండి.

నోటీసు మీద వేసిన గడువు మాత్రం దాటనివ్వకండి. మామూలుగా 30 రోజులిస్తారు. చాలకపోతే అందులోని నంబరుకు ఫోన్ చేసి ఇంకొంత సమయం అడగండి. మాట్లాడకుండా కూర్చుంటే తర్వాత ఇంత పన్ను బాకీ అని తేల్చే డెఫిషియెన్సీ నోటీసు వస్తుంది, అప్పుడు టాక్స్ కోర్టుకెళ్లడానికి 90 రోజులే. రాష్ట్ర రిటర్ను కూడా సరిచేయాల్సి రావచ్చు, చూసుకోండి.

ఫైలు తెరిచిన చేత్తోనే ఇక్కడి ఖాతాలూ చూసుకోండి. విదేశీ సంపాదన దాచుకునే ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా, అమెరికా పన్ను రెసిడెంట్ అయితే అక్కడ చూపాల్సిందే. కొబ్బరితోట కౌలు డబ్బు మీ పేరు మీద వస్తుంటే అదీ అంతే. ఇండియా ఆదాయం వేసుకునే ఎన్ఆర్ఓ ఖాతా వడ్డీ మీద కోసిన టీడీఎస్‌కు ఫారం 1116లో క్రెడిట్, అంటే అమెరికా పన్నులో తగ్గింపు, అడగొచ్చు. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాల రిపోర్టు) వేయాలి.

మావాడు ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. మా అక్క ఇంకా అడుగుతూనే ఉంది, "వీసాకేం కాదు కదరా తమ్ముడూ" అని.