ద్వీపానికి సెలవులకు వెళ్తే ఏ బీచ్ మంచిదో ఎలా తెలుస్తుంది?

మీరు వెళ్లే నెలలో గాలి ఎటు నుంచి వీస్తుందో చూసుకుని, ద్వీపానికి అవతలి వైపున్న బీచ్ ఎంచుకోండి.

గాలి సముద్రం మీద చాలా దూరం నుంచి తోసుకొచ్చిన అలలు ఎదురుగా ఉన్న తీరాన్నే కొడతాయి. ద్వీపమే అడ్డుగోడలా నిలబడటంతో రెండోవైపు నీళ్లు నెమ్మదిగా, తేటగా ఉంటాయి. శ్రీలంకనే తీసుకోండి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల దక్షిణ తీరంలోని మిరిస్స, ఉనవటున బీచ్‌ల వైపు సముద్రం అల్లకల్లోలంగా ఉంటే, తూర్పు తీరంలో ట్రింకోమలీ దగ్గరి నిలావేలి బీచ్ ప్రశాంతంగా ఉంటుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా పరిస్థితి తారుమారవుతుంది.

ఆటుపోట్ల వేళలు కూడా చూసుకోవాలి. ఒడ్డుకు ఎదురుగా నీళ్లలో పగడపు దిబ్బ ఉన్న బీచ్‌లో అలలు అక్కడే విరిగిపోతాయి, పిల్లలకు అదే మేలు. కానీ నీరు వెనక్కి తగ్గాక చాలాచోట్ల మోకాలి లోతే మిగులుతుంది. ఈత కుదరదు, పగడాలు పాదాలు కోస్తాయి. పోటు సమయానికి కాస్త అటూ ఇటూగా వెళ్లండి.

చాలామంది పొరబడేది ఒకచోట: రెండు పక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో నున్నగా కనిపించే సందు క్షేమమనుకుని దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్లు వేగంగా లోపలికి తిరిగిపోయే దారి అదే. అక్కడ నీటి రంగు ముదురుగా ఉంటుంది, నురగ సముద్రంలోకి జారిపోతుంటుంది. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకండి. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి.