డిపాజిట్ పొదుపు కాదు, ఓవర్‌డ్రాఫ్ట్ అత్యవసర నిధి కాదు

ప్రశ్న: నా వయసు 31. నాలుగు నెలల క్రితం ఉద్యోగం మీద జర్మనీలోని యేనాకు వచ్చాను. చేతికి 2,700 యూరోలు వస్తాయి, ఖర్చులు 1,500. ఇంటి డిపాజిట్ 2,100 కట్టాను, అది పొదుపే కదా. ఫ్లాట్‌లో వంటగది సామాన్లు (సింకు, స్టవ్, అల్మరాలు) లేకపోతే 2,400 ఓవర్‌డ్రాఫ్ట్ వాడి పెట్టించాను. రెండు నెలల్లో నా భార్య వస్తుంది. హన్మకొండ దగ్గర ప్లాట్ కోసం తమ్ముడి పేరు మీద 14 శాతానికి 10 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని, ఈఎంఐ నేను పంపుదామనుకుంటున్నాను. లేకపోతే సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టుబడి) మొదలుపెట్టాలా? అవసరానికి ఓవర్‌డ్రాఫ్ట్ ఎలాగూ ఉంది.

జవాబు: లోన్ వద్దండీ. తమ్ముడి చేత సంతకం పెట్టించకండి.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ప్లాట్ కాదు, చివరి మాట. ఓవర్‌డ్రాఫ్ట్ మీ డబ్బు కాదు. ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ తీసుకోవడానికి, మీ జీతం చూసి బ్యాంకు ఇచ్చిన అప్పు లిమిట్ అది. జీతం ఆగిందంటే లిమిట్ కూడా పోవచ్చు. అంటే మీకు డబ్బు నిజంగా కావలసిన నెలలోనే అది ఉండదు. విదేశాలకు కొత్తగా వెళ్లిన మనవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు.

మీరు బహుశా ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నారు. జర్మనీలో ఆ సమయంలో రెండు వారాల నోటీసుతో ఉద్యోగం తీసేయవచ్చు. నిరుద్యోగ భృతి రావాలంటే మామూలుగా గత 30 నెలల్లో 12 నెలలైనా బీమా చందా కట్టి ఉండాలి. మీరు కట్టింది నాలుగు నెలలు. పైగా యేనా లక్ష పైచిలుకు జనాభా ఉన్న ఊరు. ఆప్టిక్స్ కంపెనీలు, యూనివర్సిటీ, ఆసుపత్రి దాటితే పెద్ద ఉద్యోగాలు ఎన్నో ఉండవు. రెండో ఉద్యోగం లైప్‌జిగ్‌లోనో మ్యూనిక్‌లోనో దొరికిందనుకోండి. పాత ఇంటికి మామూలుగా మూడు నెలల నోటీసు, కొత్త ఇంటికి మళ్లీ డిపాజిట్. పాత డిపాజిట్‌ను నీళ్లు, హీటింగ్ లెక్కలు తేలేదాకా ఓనర్ కొన్ని నెలలు అట్టిపెట్టుకోవచ్చు. మీరు పొదుపు అంటున్న ఆ 2,100 అప్పుడు చేతికి రాదు. మీరు పెట్టించిన వంటగది సామాన్లనూ పీకి తీసుకెళ్లాలి, లేదా వచ్చిన రేటుకు అమ్ముకోవాలి.

ఉద్యోగం పోకపోయినా హీటింగ్ లెక్క ఒకటి ఉంది. నెలనెలా అద్దెతో కట్టేది అడ్వాన్సు మాత్రమే. అసలు లెక్క వేసి ఓనర్ తర్వాత బిల్లు పంపుతారు, ఏడాది ముగిశాక 12 నెలల వరకూ పంపవచ్చు. చలికాలమంతా గది వేడి చేసే రేడియేటర్‌ను ఐదు మీద, అంటే పూర్తి వేడి మీద పెట్టి, కిటికీ ఓరగా తెరిచి పడుకునే అలవాటుంటే వందల యూరోలు అదనంగా కట్టాల్సి రావచ్చు.

కాబట్టి మీకు మిగిలే 1,200 యూరోలకు వరుస ఇది. మొదటి నెల 1,000 యూరోలు వేరే సేవింగ్స్ ఖాతాలో పెట్టండి, జీతం పడే ఖాతాలో వద్దు. తర్వాతి రెండు మూడు నెలల్లో ఓవర్‌డ్రాఫ్ట్ పూర్తిగా తీర్చి, లిమిట్ తగ్గించమని బ్యాంకును అడగండి. ఆ తర్వాత ఆ సేవింగ్స్ ఖాతాలోకి 6,000 చేరేదాకా ఇంకేదీ ముట్టుకోవద్దు. మీ భార్య వచ్చాక ఖర్చు పెరుగుతుంది కనుక దాన్ని 8,000 చేయండి. ఈ డబ్బు యూరోల్లోనే, అక్కడే ఉండాలి. హన్మకొండలో ఎఫ్‌డీ ఉన్నా యేనాలో అద్దె రోజుకు అక్కరకు రాదు.

ప్రైవేట్ లయబిలిటీ బీమా (మన వల్ల ఇతరులకు జరిగిన నష్టాన్ని కట్టే బీమా) మాత్రం ఈ వారమే తీసుకోండి, ఏడాదికి పదుల యూరోలే. అద్దెకున్నవాళ్లు తాళంచెవి పోగొట్టుకుంటే బిల్డింగ్ తాళాలన్నీ మార్చిన ఖర్చు నెత్తిన పడవచ్చు. పాలసీలో తాళంచెవుల కవర్ ఉందో లేదో చూసుకోండి. మీది ప్రభుత్వ ఆరోగ్య బీమా అయితే, ఆదాయం లేని భార్యను అదనపు చందా లేకుండా చేర్చుకోవచ్చు.

సిప్ సంగతి ఈ అత్యవసర నిధి నిండాక చూద్దాం.

ఇక ప్లాట్. 10 లక్షలకు ఐదేళ్లు ఈఎంఐ నెలకు సుమారు 23 వేలు, వడ్డీయే దాదాపు 4 లక్షలు. మీ జీతం ఆగితే రికవరీ ఫోన్లు మీ తమ్ముడికి వస్తాయి, మీకు కాదు. తర్వాతైనా కొనాలనుకుంటే, ముందు కాగితాల్లో అది వ్యవసాయ భూమేమో చూడండి. ఎన్ఆర్ఐలు వ్యవసాయ భూమి కొనకూడదు, ఫామ్ ప్లాట్ అని పేరు మార్చినా సరే.